వెనక లారీ

యుద్ధం రాకముందు అన్నదమ్ములిద్దరూ ఒకే బస్సు మీద పనిచేసేవారు. అన్న డ్రైవరు, తమ్ముడు కండక్టరు. అన్నది ముక్తసరి మాట. తమ్ముడి నోటికి మూత ఉండేది కాదు. బస్సెక్కిన ప్రతి మనిషితోనూ ఏదో ఒక వరస కలిపేసేవాడు. "పిన్నీ, లోపలికి జరగాలి. నీ సీట్లో పొద్దుటి నుంచీ ఎవర్నీ కూర్చోనివ్వకుండా కాపలా కాస్తున్నా," అనేవాడు. ఆ పిన్నికి సీటు ఉండేది కాదు. అయినా నవ్వుకుంటూ నిలబడేది. డ్రైవరు ఎదుటి అద్దంలో తమ్ముణ్ణి చూసి, పెదవి విప్పకుండా తనూ నవ్వేవాడు.

యుద్ధం వచ్చింది. ఊరూరా పటాలాలు కట్టమన్నారు. మిల్లు నుంచి, డిపో నుంచి, బడి నుంచి, బట్టల కొట్ల నుంచి మగవాళ్ళు వెళ్ళి చేరారు. అంతకుముందు వకీలుగా పనిచేసిన పెద్దమనిషి ఒకాయన ఆ ఊరి పటాలానికి మేజరయ్యాడు. ఆయన గొంతులో ఏదో నమ్మకం పలికేది. మిల్లు గేటు ముందు బల్ల ఎక్కి, "మీ పిల్లల్ని తీసుకెళ్తున్నది నేను. తిరిగి తీసుకొచ్చేదీ నేనే," అన్నాడు. తల్లులు కళ్ళు తుడుచుకున్నారు. డిపో తన వంతుగా ఒక బస్సునూ, దాంతోపాటు డ్రైవరునూ ఇచ్చింది. తమ్ముడు ఆ సాయంత్రమే వెళ్ళి తన పేరు కూడా రాయించుకుని వచ్చాడు.

"నిన్నెవడు రమ్మన్నాడురా?" అన్నాడు అన్న.

"కండక్టరు లేకుండా బస్సు ఎలా కదులుతుంది? రూల్సు ఒప్పుకోవు," అన్నాడు తమ్ముడు.

పటాలంలో అతని చేతికి తుపాకీ ఇచ్చారు గానీ పాత అలవాటు పోలేదు. కందకంలో కూర్చుని సిగరెట్టు పెట్టెల అట్టలు చింపి అందరికీ టికెట్లు ఇచ్చేవాడు. "ఇంటికా? ఎక్కండెక్కండి. చిల్లర దిగేటప్పుడిచ్చినా పర్లేదు," అనేవాడు. వాళ్ళ దళంలో ముప్ఫైమంది దాకా ఉండేవారు. వాళ్ళకి వండిపెట్టే వంటాయన, మిల్లు ఎదుట కుట్టుమిషను పెట్టుకున్న ఆవిడ కొడుకు కూడా అందులోవాళ్ళే. ఆ అట్టముక్కల్ని అందరూ జేబుల్లో దాచుకునేవారు.

వెనక్కి తగ్గాల్సిన రోజు వచ్చింది. అప్పుడే తెల్లవారుతోంది. ఎదుట నిలబడ్డ మనిషి మొహం ఆనవాలు పట్టలేనంతగా నది మీంచి పొగమంచు కమ్మేసింది. పటాలంలో చాలామంది అప్పటికే వంతెన దాటేశారు. కండక్టరు ఉన్న దళాన్ని మాత్రం గట్టు మీది ఇటుక బట్టీ దగ్గర కాపలా ఉంచారు. చివరి బస్సు వచ్చి వాళ్ళని ఎక్కించుకుంటుందని చెప్పారు. ఆ చివరి బస్సు డ్రైవరుదే.

అతను ఇంజను ఆపకుండా ఎదురుచూస్తున్నాడు. గాయపడ్డవాళ్ళని తెచ్చి ముందు సీట్లలో పడుకోబెట్టారు. తర్వాత పెట్టెలు వచ్చాయి. ఇనప పెట్టెలు, తోలు పెట్టెలు, ఒక చేతుల కుర్చీ. వెనక సీట్లన్నీ నిండిపోయాయి. ఆఖరున మేజరు ఎక్కి డ్రైవరు వెనక కూర్చున్నాడు.

"ఇక పోనీయ్."

"బట్టీ దగ్గరివాళ్ళు రావాలి కదా సార్?"

"వాళ్ళు వెనక లారీలో వస్తున్నారు."

డ్రైవరు అద్దంలోకి చూశాడు. మంచు తప్ప ఏమీ లేదు. "మా తమ్ముడు కూడానా?"

"మీ తమ్ముణ్ణి నా చేత్తో నేనే ఎక్కించాను. పోనీయవయ్యా, వంతెన పేల్చేస్తున్నారు!"

డ్రైవరు గేరు వేశాడు. బస్సు దాటిన కాసేపటికి వెనక వంతెన కూలింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి. "లారీ దాటిందా సార్?" అని మళ్ళీ అడిగాడు. "దాటింది. నువ్వు రోడ్డు చూడు," అన్నాడు మేజరు. కొండ మలుపు దాటాక వెనక ఫిరంగి గుండ్లు పడటం వినబడింది. మధ్యాహ్నం శిబిరంలో మేజరు అతన్ని పక్కకి పిలిచి భుజం మీద చెయ్యి వేశాడు. గుండు సరిగ్గా లారీ మీదే పడిందన్నాడు. ఎవరికీ ఏమీ తెలియకుండా క్షణంలో అయిపోయిందన్నాడు. అంటూనే ఆయనా ఏడ్చాడు.

యుద్ధం ముగిశాక డ్రైవరు తల్లిని వెంటబెట్టుకుని ఆ మలుపు దగ్గరికి వెళ్ళాడు. రోడ్డు పొడుగునా కాలిపోయిన బళ్ళే. ఏది ఎవరిదో చెప్పలేని తుక్కు. తల్లి ఒక లారీ చట్రం ముందు కూర్చుని, ఇదేనంది. కాదనడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు.

ఇరవై ఏళ్ళు దాటిపోయాయి. ఈలోగా తల్లి పోయింది. నది మీద కొత్త వంతెన వచ్చింది, అవతలి ఊళ్ళకి బస్సులు నడిచాయి. డ్రైవరు అదే రూటు అడిగి వేయించుకున్నాడు. మలుపు దగ్గర రోజూ బస్సు ఆపి, ఇంజను కట్టేసి, ఒక్క నిమిషం తల వంచుకుని కూర్చునేవాడు. కొత్తవాళ్ళు ఎవరైనా ఎందుకాగిందని అడిగితే పాత ప్రయాణికులే సైగ చేసి ఊరుకోబెట్టేవారు.

మేజరు ఈ కాలమంతా ఆ ఇంటికి పెద్దదిక్కుగా ఉన్నాడు. డ్రైవరుకి డిపోలో ఉద్యోగం మళ్ళీ ఇప్పించింది ఆయనే. తల్లి జబ్బుపడితే ఆసుపత్రికి తన కారు పంపింది ఆయనే. పెద్దమ్మాయికి సంబంధం చూసి, పెళ్ళిలో ముందు నిలబడి అన్నీ నడిపించిందీ ఆయనే. "మా తమ్ముడికి చివరిసారి చెయ్యి అందించిన మనిషి," అని డ్రైవరు పిల్లలకి చెప్పేవాడు. ఆయన ఎదురైతే ఎంత జోరుగా వెళ్తున్న బస్సునైనా ఆపేవాడు.

ఆ ఏడాది ఊళ్ళో పటాలానికి స్మారకం కట్టారు. మిల్లు ఎదుటి మైదానంలో నల్లరాతి గోడ నిలబెట్టి, పోయినవాళ్ళ పేర్లు చెక్కించారు. వెనక లారీలో పోయినవాళ్ళ పేర్లు విడిగా, అందరికన్నా పైన. ఆ సంఘానికి మేజరు అధ్యక్షుడు, డ్రైవరు అల్లుడు కార్యదర్శి. గోడ ఆవిష్కరణ రెండు రోజులుందనగా, డిపో పక్క టీకొట్లో కూర్చున్న డ్రైవరు ముందుకి ఒక ముసలాయన వచ్చి నిలబడ్డాడు. చేతిలో మడతపెట్టిన వార్తాపత్రిక.

ఆ కళ్ళు ఎక్కడో చూసినట్టుంది. గుర్తు పట్టగానే డ్రైవరు బల్ల తోసేసి లేచాడు.

"వంటాయనా! నువ్వు... బతికే ఉన్నావా?"

"పేపర్లో నా పేరు చచ్చినవాళ్ళలో వేశారు. నిజమేనేమో కనుక్కుందామని వచ్చాను," అన్నాడు వంటాయన.

డ్రైవరు కౌగిలించుకోబోతే అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. డ్రైవరుకి అది అర్థం కాలేదు. ఆనందం పట్టలేక కొట్టువాణ్ణి కేకేసి టీ తెప్పించాడు. కప్పు అతని ముందుకి జరిపాడు.

"నీ చేతి టీ నాకొద్దు. ఒక్క మాట అడిగి పోదామని వచ్చాను. ఎందుకు రాలేదు నువ్వు?"

"ఎక్కడికి?"

"ఎక్కడికంటావేంటి? బట్టీ దగ్గరికి!"

డ్రైవరు అయోమయంగా చూశాడు. "మీరంతా లారీ ఎక్కారు కదా? మలుపు దగ్గర గుండు పడ్డప్పుడు నువ్వెలా బయటపడ్డావు?"

"ఏ లారీ?"

"వెనక లారీ."

"ఏ లారీ అంటున్నాను!" వంటాయన గొంతు కొట్టంతా వినబడింది. "లారీ ఎవడు తెచ్చాడు? ఎవడెక్కించాడు? బట్టీలోనే కూర్చున్నాం అందరం. నీ బస్సు కదలడం విన్నాం. మంచులో కనబడలేదు గానీ, గేరు వేసేటప్పుడు ఆ మూలుగు విని మీ తమ్ముడే గుర్తుపట్టాడు. 'అది మా అన్న బండే. గాయపడ్డవాళ్ళని అవతల దింపి మళ్ళీ వస్తాడు, కంగారుపడకండి,' అన్నాడు. అందరికీ తనే ధైర్యం చెప్పాడు. కాసేపటికి వంతెన పేలింది. అప్పటికీ, 'ఇంకో దారి ఉంటుంది, మా అన్నకి తెలియని దారి లేదు,' అన్నాడు."

డ్రైవరు ఆ ముట్టని కప్పు వంక చూస్తూ, ఎవరో వెనక నుంచి చెబుతుంటే తిరిగి పలుకుతున్నట్టు ఒక్కో మాటే పలికాడు.

"ఆయన చెప్పాడు. వెనక లారీలో ఉన్నారని చెప్పాడు. నా చేత్తో ఎక్కించానన్నాడు."

వంటాయన చాలాసేపు అతని మొహంలోకి చూశాడు. ఇన్నేళ్ళూ మోసుకొచ్చిన కోపాన్ని ఎక్కడ దింపాలో తెలియనివాడిలా ఎదుటి బల్ల మీద కూలబడ్డాడు.

"అయితే నీకు తెలియదా?" అన్నాడు.

తర్వాత అతనే మెల్లగా చెప్పుకొచ్చాడు. బట్టీలో కొన్నాళ్ళు నిలిచారు. ఒకరొకరే పోయారు. మిగిలిన ఇద్దరూ శత్రువుకి చిక్కారు. రెండో అతను చెరలో జ్వరంతో పోయాడు. వదిలిపెట్టాక వంటాయన అడిగినవాళ్ళకల్లా జరిగింది చెప్పాడు, వాళ్ళు తలూపారు, అంతే. ఊళ్ళో తనకి నా అన్నవాళ్ళు లేరు. దూరాన ఓడరేవులో క్యాంటీన్లో చేరిపోయాడు. "ఇక్కడికొచ్చి ఎవరి మొహం చూడను? నీ మొహమా?" అన్నాడు.

డ్రైవరుకి తన రూటు కళ్ళ ముందు తిరిగింది. మలుపు దగ్గర ఆపుతాడు. అక్కణ్ణుంచి బయలుదేరి వంతెన ఎక్కుతాడు. వంతెన దిగగానే కుడిచేతి గట్టు మీద పాత బట్టీ గోడలు కనబడతాయి. ఆ చోట రోడ్డు బాగుంటుంది కాబట్టి ఎప్పుడూ వేగం పెంచేవాడు.

ఆ సాయంత్రం అతను మేజరు ఇంటికి వెళ్ళాడు. వంటాయన్ని రమ్మంటే రానన్నాడు. మేజరు ముందుగదిలో కళ్ళజోడు పెట్టుకుని ప్రసంగం తిరగేస్తున్నాడు. ఎనభైకి దగ్గరపడ్డా ఆ గొంతు మాత్రం అలాగే ఉంది.

"రావయ్యా. నీ కుర్చీ వేదిక మీదే. నా పక్కన వేయమని మీ అల్లుడికి చెప్పాను."

"వంటాయన వచ్చాడు సార్. మా తమ్ముడి దళంలో వంటాయన."

మేజరు కళ్ళజోడు తీశాడు. తుడిచాడు. మళ్ళీ పెట్టుకోలేదు. "కూర్చో," అన్నాడు.

డ్రైవరు కూర్చోలేదు. "లారీ లేదటగా?"

"లేదు," అన్నాడు మేజరు. ఏ తడబాటూ లేకుండా అన్నాడు. "ఉన్న ఒక్క లారీ ముందే వెళ్ళిపోయింది. నీకు నిజం చెబితే నువ్వు కదిలేవాడివా?"

"కదిలేవాణ్ణి కాదు."

"మరి? బస్సులో గాయపడ్డవాళ్ళున్నారు. వంతెన దగ్గరివాళ్ళు ఇంక ఆగలేమన్నారు. బట్టీ దాకా వెళ్ళి వాళ్ళని ఎక్కించుకుని రావాలంటే అరగంట. ఆ అరగంటలో అందరం పోయేవాళ్ళం. నేను లెక్క చూసుకున్నాను. అబద్ధం చెప్పాను. చెప్పబట్టే ఆ గాయపడ్డవాళ్ళు ఇవాళ మనవల్ని ఎత్తుకుంటున్నారు."

ఆ మాటలో నిజముంది. అది డ్రైవరుకి తెలుస్తూనే ఉంది. అందుకే మరింత మండింది. "పెట్టెలెక్కించడానికి పట్టినంతసేపు పట్టేది కాదు సార్, బట్టీకి వెళ్ళి రావడానికి. మీ కుర్చీ కూడా ఎక్కించారు."

మేజరు కళ్ళజోడు మడిచి బల్ల మీద పెట్టాడు.

"సరే, ఆ పూట చెప్పారు. తర్వాత? మా అమ్మ ఆ తుక్కు ముందు కూర్చుని ఏడుస్తుంటే పక్కన నిలబడ్డారే, అప్పుడు? నా కూతురి పెళ్ళిలో మా తమ్ముడు లేని లోటు నేను తీరుస్తానన్నారే, అప్పుడు?"

"చెబితే మీ అమ్మ తట్టుకునేదా? క్షణంలో పోయాడంటే కనీసం కళ్ళు మూసుకుని పడుకుంది. అందరి తల్లులకీ అదే మంచిదనుకున్నాను. ఆ తర్వాత... ఏడాది గడిచేకొద్దీ చెప్పడం కష్టమైపోయింది." మేజరు గొంతు మొదటిసారి సన్నబడింది. "నేను నీకు చేసినవన్నీ నటననుకుంటున్నావా?"

"అనుకోవడం లేదు సార్. అదే నా బాధ."

డ్రైవరు గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. వెనక్కి తిరిగి అన్నాడు. "గోడ మీద లారీ అని చెక్కించారు. సభలో మీరే లేచి నిజం చెప్పండి. ఎవరు ఎక్కడ పోయారో వాళ్ళవాళ్ళకి తెలియాలి. నేనడిగేది అంతే."

మేజరు ప్రసంగం కాగితాలు పక్కన పెట్టాడు. "చెబుతాను. నా నోటితో నన్నే చెప్పనీ. అప్పటిదాకా నువ్వెవరి దగ్గరా నోరు విప్పకు. మాట ఇస్తున్నాను," అన్నాడు.

డ్రైవరు ఆ మాట తీసుకున్నాడు. ఇంటికొచ్చి, తన ఇంట్లో దించిన వంటాయనతో చెప్పాడు.

"చెప్పడు," అన్నాడు వంటాయన.

"మాట ఇచ్చాడు."

"ఎన్నోసారి?"

భార్యకి కూడా డ్రైవరు ఆ రెండు రోజులూ ఏమీ చెప్పలేదు. ఆవిడ వంటాయనకి మంచం వేసి, దుప్పటి ఇచ్చి, ఇద్దరి మొహాలూ చూసి ఊరుకుంది.

ఆవిష్కరణ రోజు మైదానం కిటకిటలాడింది. బడిపిల్లలు వరసల్లో నిలబడ్డారు. బ్యాండువాళ్ళ ఇత్తడి వాయిద్యాలు ఎండకి మెరుస్తున్నాయి. పోయినవాళ్ళ తల్లులు, భార్యలు ముందు కుర్చీల్లో కూర్చున్నారు. డ్రైవరు వేదిక మీద మేజరు పక్కన కూర్చున్నాడు. వంటాయన్ని కూడా వేదిక మీదికి తీసుకొచ్చి కూర్చోబెట్టారు. చూడగానే డ్రైవరు గుండె తేలికపడింది. మేజరు నిజంగానే చెప్పబోతున్నాడు, అందుకే సాక్షిని పక్కన పెట్టుకున్నాడు అనుకున్నాడు.

ముసుగు తీశారు. గోడ మీద ఒక పేరున్న చోట అప్పుడే పూసిన సిమెంటు ఇంకా తడిగా ఉంది. మేజరు లేచి మైకు ముందుకి వెళ్ళాడు. పటాలం ఎలా పుట్టిందో చెప్పాడు. మిల్లు గేటు గుర్తు చేశాడు. అందరి కళ్ళూ చెమర్చాయి. తర్వాత వంతెన దగ్గరికి వచ్చాడు. డ్రైవరు కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు.

"ఆ ఉదయం నేను చివరిదాకా అక్కడే నిలబడి, నా చేతులతో మన బిడ్డల్ని లారీ ఎక్కించాను. విధి మలుపు దగ్గర కాచుకుని ఉంది. ఒక్కరూ మిగల్లేదనుకున్నాం. కాని ఇవాళ ఒక అద్భుతం జరిగింది. మండుతున్న ఆ లారీలోంచి దూకి, శత్రువు చెరలో మగ్గి, ప్రాణాలతో తిరిగొచ్చిన వీరుడు ఇదిగో, మన మధ్య ఉన్నాడు!"

ఆయన వంటాయన భుజం మీద చెయ్యి వేశాడు. మైదానం చప్పట్లతో హోరెత్తింది. ఒక అమ్మాయి పూలగుత్తి తెచ్చి వంటాయన చేతిలో పెట్టింది. మేజరు ఒక్కసారి కూడా డ్రైవరు వైపు చూడలేదు.

పొగమంచులో ఆ అబద్ధం చెప్పినప్పుడు వంతెన పేలబోతోంది, తొందర ఉంది. ఇప్పుడు ఎండ కాస్తోంది, ఎవరూ తరమడం లేదు. డ్రైవరు లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ పెద్దగా మాట్లాడనివాడు మైకు అవసరం లేనంత గొంతుతో అడిగాడు.

"మేజరుగారూ, లారీ ఏది?"

చప్పట్లు ఆగాయి. అల్లుడు పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "మామయ్యా, కూర్చోండి. అందరూ చూస్తున్నారు."

"చూడనీ. సార్, లారీ ఏదని అడుగుతున్నాను."

వంటాయన పూలగుత్తిని కుర్చీలో పెట్టి మైకు దగ్గరికి వంగాడు. "లారీ లేదండీ. నేను ఏ లారీలోంచీ దూకలేదు. మేమంతా బట్టీలోనే..." అంతవరకే వినబడింది. మైకు ఆగిపోయింది. ఎవరు చెప్పారో గానీ బ్యాండు మోగింది. పెదవులు కదులుతున్నాయి గానీ వంటాయన మాట ముందు వరసకి కూడా అందలేదు. మేజరు జాలిగా తల పంకించి, చెరలో మతి చెదిరిందన్నట్టు పక్కవాళ్ళకి సైగ చేశాడు.

ఊరు ఆ సైగనే నమ్మింది. ముసుగు తీసిన రోజే రచ్చ చేశాడని డ్రైవరు మీద చాలామంది మండిపడ్డారు. అన్నం పెట్టిన చేతినే కరిచాడన్నారు. మధ్యాహ్నం అల్లుడు ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడి, మేజరుగారికి క్షమాపణ చెప్పుకుంటే విషయం ఇంతటితో సద్దుమణుగుతుందన్నాడు. అప్పటికి భార్యకి డ్రైవరు అంతా చెప్పేశాడు. జవాబు ఆవిడే ఇచ్చింది.

"లోపలికి రండి అల్లుడుగారూ, భోంచేసి వెళ్ళండి. ఆ మాట మాత్రం గుమ్మం అవతలే వదిలేసి రండి."

అల్లుడు లోపలికి రాలేదు.

పొద్దు వాలుతుండగా కుట్టుమిషనామె వచ్చింది. మెళ్ళో కొలతల టేపు అలాగే ఉంది, పని మధ్యలో లేచి వచ్చినట్టుంది. ఎవర్నీ పలకరించకుండా తిన్నగా వంటాయన ఎదురుగా బల్ల మీద కూర్చుంది.

"బ్యాండు మోత నాకు లెక్కకాదు నాయనా. మిల్లు ఎదుట బతుకుతున్నదాన్ని, మోతలో పెదాలు చదవడం వచ్చు. బట్టీ అన్నావు. మావాడు లారీలో లేడా?"

"లేడమ్మా."

"కాలిపోలేదా?"

"లేదు."

ఆవిడ మెళ్ళోని టేపు తీసి చేతికి చుట్టుకుంది. "ఇన్నేళ్ళ నుంచీ నేను ఇస్త్రీపెట్టె ముట్టుకోలేదయ్యా," అంది. "గుడ్డ మీద కాస్త వేడెక్కువై వాసన వస్తే చాలు, వాడే అనిపించేది. కుట్టినవన్నీ పక్కింటామెకిచ్చి ఇస్త్రీ చేయించుకునేదాన్ని. క్షణంలో పోయాడన్నాడు ఆయన. క్షణమట! నాకు మాత్రం రోజూ కాలుతూనే ఉన్నాడు."

డ్రైవరు తల వంచుకున్నాడు. తల్లులకి అదే మంచిదనుకున్నాను అని మేజరు అన్న మాట అతనికి గుర్తొచ్చింది.

"ఎలా పోయాడో చెప్పు. దాచకు," అంది ఆవిడ.

వంటాయన దాచలేదు. ఆమె కొడుక్కి మొదటిరోజు నుంచీ పంటి నొప్పి. దవడ వాచిపోయినా కాపలాకి లేచేవాడు. అందరి చొక్కాలకీ గుండీలు కుట్టిపెట్టేవాడు, కుట్టిన ప్రతిసారీ "మా అమ్మయితే ఈ కుట్టు విప్పించేది," అనేవాడు. ఒక మధ్యాహ్నం బావి దగ్గరికి నీళ్ళకి వెళ్ళినప్పుడు తూటా తగిలింది. సాయంత్రం దాకా ఉన్నాడు. ఒంటరిగా పోలేదు, తల వంటాయన ఒళ్ళోనే ఉంది. బట్టీ వెనక మెత్తటి నేలలో వాణ్ణి పెట్టారు. చోటు తను చూపించగలడు.

ఆవిడ ఏడ్చింది. ఏడుస్తూనే, నొప్పి ఏ పంటికి, నీళ్ళు తాగాడా, దుప్పటి ఉందా అని అడుగుతూ పోయింది. వంటాయన తెలిసినవి చెప్పాడు, తెలియనివి తెలియదన్నాడు. డ్రైవరు భార్య దీపం వేసి అందరికీ టీ పెట్టింది. వంటాయన కప్పు అందుకున్నాడు.

అప్పుడు డ్రైవరు, టీకొట్లో కలిసినప్పటి నుంచీ లోపలే ఉంచుకున్న ప్రశ్న అడిగాడు.

"చివరికి మా తమ్ముడు నన్ను తిట్టాడా?"

వంటాయన కుట్టుమిషనామె వైపూ, డ్రైవరు భార్య వైపూ చూశాడు. 'లేదు' అంటే సరిపోయేది. అందరూ అదే మాట కోసం ఎదురుచూస్తున్నారని అతనికీ తెలుసు.

"తిట్టాడు," అన్నాడు.

"ఏమని?"

"మొదట్లో వెనకేసుకొచ్చాడు. బండి రేడియేటరుకి పుట్టుజబ్బని, అందుకే ఆలస్యమని అన్నాడు. తర్వాత నీ పేరెత్తితే లేచి అవతలికి పోయేవాడు. ఆఖరి పూట మాత్రం... 'పిల్చినా పిలవకపోయినా ప్రతి స్టాపులోనూ ఆపేవాడు మా అన్న. ఆపకుండా పోవడానికి వాడికి నా స్టాపే దొరికింది,' అన్నాడు. ఆ రాత్రే పోయాడు."

అది తమ్ముడి మాటే. ఆ గొంతు, ఆ ఎత్తిపొడుపు అన్నీ వాడివే. ఇరవై ఏళ్ళలో మొదటిసారి తమ్ముడు తనతో మాట్లాడినట్టు డ్రైవరుకి అనిపించింది. ఆ మాటకి బదులు చెప్పుకునే వీలు మాత్రం లేదు. 'నాకు తెలియదురా' అని ఒక్క ముక్క అనడానికి మనిషి లేడు. మొహం రెండు చేతుల్లో పెట్టుకుని, ఇల్లంతా వినబడేలా ఏడ్చాడు. కుట్టుమిషనామె లేచి వచ్చి అతని వీపు నిమురుతూ నిలబడింది.

మరునాటి నుంచి ముగ్గురూ కలిసి ఆ దళంలోవాళ్ళ ఇళ్ళకి వెళ్ళారు. కొందరు కుర్చీ వేసి కూర్చోబెట్టి విన్నారు. ఒక ముసలాయన, మా వాణ్ణి రెండోసారి చంపడానికి వచ్చారా అని తలుపు వేసేశాడు. ఒక చెల్లెలు విన్నదంతా విని, గోడ మీంచి మా అన్న పేరు తీయించండి అంది. గోడ అలాగే ఉంది. సిమెంటు పూసిన చోటు మాత్రం కాస్త తెల్లగా కనబడుతుంది. వంటాయన ఓడరేవుకి వెళ్ళేముందు బట్టీ వెనక చోటు చూపించాడు. పెద్దమ్మాయి కొన్ని నెలలు పుట్టింటి గడప తొక్కలేదు. తర్వాత ఒకరోజు ఒక్కతే వచ్చి, "బాబాయి ఎక్కడున్నాడో చూపించు నాన్నా," అంది.

చలికాలంలో మేజరు డిపోకి వచ్చాడు. కర్ర పట్టుకుని, నెమ్మదిగా, బయలుదేరబోతున్న బస్సు పక్కన నిలబడ్డాడు. "నాకెక్కువ రోజులు లేవయ్యా. నువ్వు క్షమించానంటే చాలు," అన్నాడు.

డ్రైవరు సీట్లోంచే చూశాడు. ఆయన్ని తను చెయ్యి పట్టుకుని ఎక్కించిన రోజులు ఎన్నో ఉన్నాయి. చెయ్యి ముందుకి వెళ్ళబోయింది కూడా. ఆపుకున్నాడు.

"నాకెందుకు సార్ చెప్పడం? కుట్టుమిషనామె ఇల్లు మీకు తెలుసు కదా. మిల్లు ఎదుటే. ముందు వెళ్ళి ఆవిడకి చెప్పండి."

మేజరు తలూపాడు. రేపే వెళ్తానన్నాడు.

ఆయన వెళ్ళలేదు.